యాకుత్‌పురా గల్లీలో మూడు రోజులు

పాతబస్తీ అనగానే మన పల్లెలలో చాలామందికి చార్మినారు, బిర్యానీ, కర్ఫ్యూ, ఈ మూడే గుర్తుకు వస్తాయి. మాకూ అంతే. దైవజ్ఞాన డిప్లొమా చదివిన రోజులలో ఒకసారి చార్మినారు దాకా వెళ్ళి గాజుల దుకాణాలు చూచి తిరిగి వచ్చాము. ఆ వెనుక గల్లీలలో లక్షలమంది కాపురముంటారనీ, వారికీ నల్లా నీళ్ళు, మోరీలు, వీధి దీపాలు, వీటితోనే తెల్లవారుతుందనీ అప్పుడు తోచలేదు.

2024 జూలై నెలలో యాకుత్‌పురా వెళ్ళవలసి వచ్చినది మా సంఘ పెద్ద ఒకాయన మాట మీద. మాది పాలమూరు జిల్లాలో ఒక చిన్న గ్రామము. ఆయన పెద్ద కుమారుడు పెండ్లి అయిన సంవత్సరమే భార్యను తీసుకొని హైదరాబాదు చేరాడు. మాదన్నపేట కూరగాయల మార్కెట్టు నుండి దుకాణాలకు సరుకు చేరవేసే ట్రాలీ ఆటో నడుపుతాడు. అద్దె తక్కువని యాకుత్‌పురా రైల్వే స్టేషనుకు దగ్గరలో ఒక గది తీసుకున్నారు. వానలు పడగానే గదిలోకి మోరీ నీళ్ళు వచ్చాయని కోడలు ఫోనులో ఏడ్చింది. పెద్దాయన ఆ సాయంకాలమే మా ఇంటి గుమ్మములోకి వచ్చాడు.

"అయ్యగారూ, మీరొక్కపారి పోయి సూసి రాండ్రి. నేను జెప్తె ఇనడు. ఆడ ఉండుడొద్దు, ఇంటికి రమ్మని మీరు జెప్పాలె. సంటిపిల్ల ఉన్నది."

ఆయన భయానికి కారణమున్నది. 1990 డిసెంబరులో ఆయన హైదరాబాదులో తాపీమేస్త్రీ దగ్గర కూలి. ఆ నెలలో చెలరేగిన మతకల్లోలములో వందమందికి పైగా చనిపోయారు, ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి గారు పదవి వదులుకోవలసి వచ్చింది. ఈయన కట్టుబడిలో ఉన్న ఇంట్లో, సగము లేచిన గోడల నడుమ, కర్ఫ్యూలో రోజుల తరబడి అటుకులు తిని ఉన్నాడట. ముప్పై యేండ్లు దాటినా ఆయనకు పాతబస్తీ అంటే ఆ గోడలే.

సరే, చెప్పి తీసుకొని వద్దామనే బయలుదేరాము. ముందే ఒప్పుకుంటున్నాము, మాకూ ఆయన మాటే సరియని అనిపించింది.

కాచిగూడలో దిగి, ఫలక్‌నుమా వైపు వెళ్ళే ఎమ్ఎమ్‌టిఎస్ బండి ఎక్కాము. 2003 నుండి నడుస్తున్న ఈ బండ్లు పాతబస్తీ బీదలకు పెద్ద ఆసరా, గంటల తరబడి రాకపోవడమొక్కటే వాటి లోపము. మూసీ దాటి, మలక్‌పేట, దబీర్‌పురా, తరువాతది యాకుత్‌పురా. స్టేషను చిన్నది. ఇటు దిగితే ఇండ్లు, అటు దిగితే ఇండ్లు. పట్టాల పక్కన పిల్లలు గాలిపటాలు ఎగురవేస్తున్నారు, మేకలు తిరుగుతున్నాయి. మన మండల కేంద్రములో బండి దిగినట్టే ఉన్నది.

యాకూత్ అంటే అరబ్బీ మాటలో కెంపు. పూర్వము హైదరాబాదు చుట్టూ రాతి గోడ ఉండేది. మొఘలు సుబేదారు ముబారిజ్ ఖాన్ కాలములో మొదలై, మొదటి నిజాము కాలములో పూర్తయిన గోడ అది. దానికి పదమూడు దర్వాజాలు. వాటిలో ఒకటి యాకుత్‌పురా దర్వాజా. ఇప్పుడు అది లేదు, పేరు మాత్రము మిగిలింది. పక్కనున్న దబీర్‌పురా దర్వాజా, అటు నది దగ్గర పురానాపూల్ దర్వాజా, ఈ రెండే నిలిచి ఉన్నాయి. దబీర్‌పురా దర్వాజా కమాను క్రింద నుండి నేటికీ ఆటోలు, మోటారు సైకిళ్ళు దూరి పోతుంటే చూచాము. నెహెమ్యా గ్రంథము చదివినవారికి గుమ్మముల పేర్ల పట్టిక గుర్తుండే ఉంటుంది. ఎవరి ఇంటి ఎదుట వారు గోడ బాగు చేసుకున్న ఆ అధ్యాయమును మేము ప్రసంగములో ఎప్పుడూ త్వరగా దాటవేసేవారము, పేర్లు పలకడము కష్టమని.

పిల్లవాడు స్టేషనుకు ట్రాలీ తీసుకొని వచ్చాడు. గల్లీలోకి ట్రాలీ పోదు, చివర నిలిపి నడిచాము. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగవలసినంత దారి. రెండు ప్రక్కల రెండంతస్తుల ఇండ్లు, మేడ మీద మేడ. కిటికీలో నుండి చూస్తే కొయ్య చట్రానికి బట్ట బిగించి నలుగురైదుగురు చుట్టూ కూర్చొని జరీ పని చేస్తున్నారు. దానిని అక్కడ కార్చోబు అంటారు. మన ఊళ్ళలో మగ్గం వర్కు జాకెట్టు అని పెండ్లికి కుట్టించుకుంటామే, ఆ పనే. మా కోడలు పిల్ల కూడా నేర్చుకొని, పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని పూసలు కుడుతున్నది.

నేర్పినది ఇంటి యజమానురాలు. అరవై దాటిన ముస్లిము స్త్రీ. గల్లీ అంతా ఆమెను ఖాలా అంటారు, అనగా పిన్నమ్మ. మా పిల్లవాడూ ఖాలా అనే పిలుస్తాడు. మమ్ములను చూడగానే తలమీద కొంగు సవరించుకొని, "ఆయియే పాదిరి సాబ్" అని, లోపలి నుండి కుర్చీ తెప్పించింది. తరువాత తెలుగులోకి మారింది. ఆ తెలుగు మన తెలుగు కంటే తియ్యగా ఉన్నది. "మీ పిల్లలు నా పిల్లలే. మోరీ ఒక్కటే మా దుష్మన్" అన్నది.

ఆ మోరీ సంగతి చెప్పాలి. గల్లీ మధ్యలో భూమి క్రింద మురుగు కాలువ పోతుంది. దాని మీది బండ ఒకటి ఏనాడో పగిలింది. లోపల పూడిక నిండింది. కొంచెము ఎగువన వాన కురిస్తే చాలు, నీళ్ళు పగిలిన చోట నుండి ఉబికి పల్లములో ఉన్న గదిలోకి వస్తాయి. పల్లములో ఉన్న గది మన పిల్లలదే. అద్దె ఎందుకు తక్కువో అప్పుడు తెలిసింది.

యాకుత్‌పురా వారికి వాన నీరు కొత్త కాదు. గంగానగర్ నాలా పొంగితే పక్క బస్తీలన్నీ నీళ్ళలో నిలవడము వారికి అలవాటే. 2020 అక్టోబరు 13 రాత్రి నగరమంతా మునిగిన వాన సంగతి ఖాలా చేతులు చాచి చెప్పింది. బియ్యము, బట్టలు, కూతురి పెండ్లికి కొన్న పరుపు, అన్నీ తడిసిపోయాయి. ప్రభుత్వము కుటుంబానికి పదివేల రూపాయలు ఇస్తామన్నది. కొందరికి అందింది. అందనివారు మీసేవ కేంద్రాల ముందు వరుసలు కట్టారు. ఇంతలో కార్పొరేషను ఎన్నికల ప్రకటన రాగానే నవంబరు 18న ఎన్నికల సంఘము ఆ పంపిణీ ఆపించింది. డిసెంబరు 1న పోలింగు జరిగింది. కరోనా కాలము గనుక కాగితపు బ్యాలెట్టు పెట్టారు. "నేను వరుసలో ఒక దినం నిలబడ్డా, రూపాయి రాలేదు. తర్వాత ఓటు వరుసలో నిలబడ్డా, అది మాత్రం వేసొచ్చినా" అన్నది ఖాలా. నవ్వింది కాని, ఆ నవ్వులో కోపము లేకపోలేదు.

ఇక్కడి రాజకీయము గురించి కొంత చెప్పకపోతే తరువాతి సంగతి అర్థము కాదు. యాకుత్‌పురా ఒక శాసనసభ నియోజకవర్గము. మజ్లిస్ పార్టీకి చాలా కాలముగా పట్టున్న చోటు. 1967లో సలావుద్దీన్ ఒవైసీ గారు ఇక్కడ నుండే శాసనసభకు గెలిచారు. 1993లో విభేదాలు వచ్చి అమానుల్లా ఖాన్ గారు వేరుపడి మజ్లిస్ బచావో తహ్రీక్ అనే పార్టీ పెట్టారు. మరుసటి సంవత్సరపు ఎన్నికలలో ఆ కొత్త పార్టీ రెండు స్థానాలు గెలిచింది, ఒకటి చాంద్రాయణగుట్ట, రెండవది యాకుత్‌పురా. యాకుత్‌పురాలో గెలిచిన ముంతాజ్ అహ్మద్ ఖాన్ గారు తరువాత మజ్లిస్‌లో చేరి మళ్ళీ మళ్ళీ గెలుస్తూ వచ్చారు. 2018లో మజ్లిస్ అభ్యర్థి పాషా ఖాద్రీ గారికి నలభై వేలకు పైగా ఆధిక్యము వచ్చింది. అడిగేవాడు లేడు అన్నంతటి ఆధిక్యము.

2023 నవంబరు 30న ఏమయింది? మజ్లిస్ నుండి జాఫర్ హుస్సేన్ గారు, తహ్రీక్ నుండి అమానుల్లా ఖాన్ గారి కుమారుడు అంజదుల్లా ఖాన్ గారు నిలిచారు. ఈయన మునుపు ఆజంపురా కార్పొరేటరుగా పని చేసినవారు. లెక్కింపులో మజ్లిస్‌కు 46,153, తహ్రీక్‌కు 45,275. తేడా 878 ఓట్లు. మూడు లక్షలకు పైగా ఓటర్లున్న నియోజకవర్గములో నూటికి నలభై మంది కూడా ఓటు వేయలేదు. రాష్ట్రమంతటిలోకీ తక్కువ పోలింగు జరిగినది ఇక్కడే.

ఎందుకు వేయలేదని గల్లీలో అడిగి చూచాము. ఒకాయన, "ఎవరు గెలుస్తారో తెలిసిన ఆటకు టిక్కెట్టు ఎవరు కొంటారు సాబ్" అన్నాడు. ఇంకొకాయన పేరు జాబితాలో రెండు చోట్ల ఉన్నది, అతడు ఉన్నచోట మాత్రము లేదు. ఇల్లు మారినవారు, గల్ఫుకు వెళ్ళినవారు, చనిపోయినా జాబితాలో బ్రతికి ఉన్నవారు. మా పిల్లవాడి వంటివారు మరి కొందరు. వారు ఇక్కడ ఉంటారు, ఓటు పాలమూరులో ఉంటుంది. ఎన్నికలు రాగానే ఊరి నాయకుడు బస్సు పంపుతాడు, భోజనము పెడతాడు, ఓటు వేయించి తిరిగి దింపుతాడు. అయిదేండ్లకొకసారి మామగారింటికి వెళ్ళే అల్లుని మర్యాద అది. మిగిలిన దినములలో మోరీ నీళ్ళు వచ్చిన నాడు ఏ బస్సూ రాదు.

రెండవ రోజు ఉదయము ఖాలా ముందు నడువగా గల్లీవారు ఎనిమిది మంది ఒక నాయకుని కార్యాలయానికి బయలుదేరారు. మేమూ వెంట వెళ్ళాము. ఏ పార్టీ అన్నది ఇక్కడ అవసరము లేదు. ఆ ఎనిమిది మందిలో జరీ పనివారు ముగ్గురు, కిరాణా దుకాణదారు ఒకరు, మన పాలమూరు నుండే వచ్చిన మేస్త్రీ ఒకరు, చదువుకున్న అమ్మాయి ఒకతె ఉన్నారు. అర్జీ ఆ అమ్మాయే వ్రాసింది, ఉర్దూలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి.

పాతబస్తీలో ఈ పద్ధతి పాతది. మజ్లిస్ వారి కేంద్ర కార్యాలయమైన దారుస్సలాములో ఎంపీ, ఎమ్మెల్యేలు కూర్చొని వచ్చినవారి గోడు వింటారు. ఆస్పత్రి బిల్లు, స్కూలు ఫీజు, పోలీసు స్టేషను, పింఛను, ఏదైనా సరే. దాని నీడలో ప్రతి వార్డులోనూ ఒక చిన్న గుమ్మము ఉంటుంది. మేము పట్టణమంటే దరఖాస్తులు, నంబర్లు, కంప్యూటర్లు అనుకున్నాము. చూస్తే మన పంచాయతీ అరుగే. అదే బెంచీ, అవే టీ గ్లాసులు, నాయకుని కంటే ఎక్కువ మాట్లాడే పక్కనున్నవాడు కూడా అదే. మన ఊళ్ళలో సర్పంచి భార్య అయితే పెత్తనము భర్తది అయినట్టు, ఇక్కడా కొన్ని వార్డులలో అలాగే జరుగుతుందని కిరాణా ఆయన చెవిలో చెప్పాడు. సువార్త కూటాలకు మైకు అనుమతి కోసము మేము ఇటువంటి బెంచీల మీద ఎన్ని గంటలు కూర్చున్నామో ప్రభువుకే ఎరుక.

అర్జీ తీసుకున్న మనిషి సంతకాలు చూచాడు. ఒక్కొక్కరి ఓటరు కార్డు అడిగాడు. మా పిల్లవాడు కార్డు ఇచ్చాడు. దాని మీద మా ఊరి పేరు ఉన్నది.

"యే తో బాహర్‌వాలా హై" అని కార్డు బల్లమీద జరిపి పెట్టాడు. బయటివాడు అని అర్థము.

నీళ్ళు వస్తున్నది అతని గదిలోకే. పసిబిడ్డ ఉన్నది అతనికే. అయినా అర్జీలో అతని పేరు ఒక్కటే బరువు లేనిది. పిల్లవాని ముఖము చిన్నబోయింది. మాకు కోపము వచ్చింది గాని, ఏమని మాట్లాడతాము? మా కార్డు మీద కూడా అదే ఊరు.

అప్పుడు ఖాలా లేచింది. గొంతు పెంచలేదు. "నా ఇంట్లో ఆరు ఓట్లు ఉన్నాయి. ఈ పిల్లవాడు నా ఇంట్లో ఉన్నాడు. వీని పేరు నా పేరు కింద రాయి" అన్నది. ఆ మనిషి ఏదో గొణిగాడు. ఆమె ఇంకొక మాట వేసింది. "పోయినసారి ఎనిమిది వందల చిల్లర. మరిచిపోయినావా బేటా?"

గదిలో ఉన్నవారందరూ నవ్వారు. అతడూ నవ్వాడు. పేరు వ్రాసుకున్నాడు.

ఆ సాయంకాలమే గల్లీలోకి ఇద్దరు యువకులు వచ్చి మోరీకి ఫోనుతో ఫొటోలు తీసుకొని పోయారు. వారు అవతలి పార్టీవారట. మరునాడు ఉదయము ఏడింటికి కార్పొరేషను కూలీలు నలుగురు వచ్చి పూడిక తీశారు. ఎవరు పంపారో ఇద్దరూ మేమే అన్నారు. నలభై వేల ఆధిక్యము ఉన్న నాడు ఇంత త్వరగా వచ్చేవారా అని మేము ఖాలాను అడిగితే, ఆమె సమాధానము చెప్పక వక్క నమిలింది.

పూడిక తీశారు సరే, తీసిన బురద అంతా మోరీ పక్కనే గుట్ట పోసి వెళ్ళారు. ఎండితే తీసుకొని పోతామన్నారు. ఆ రాత్రి వాన పడింది, సగము బురద తిరిగి మోరీలోకే పోయింది. పగిలిన బండ మాత్రము ఎవరి లెక్కలోనూ లేదు. అది జలమండలిదని కార్పొరేషను కూలీలు అన్నారు. గల్లీవారు ఇంటికి ఇంత అని వేసుకొని, షాబాదు బండ ఒకటి కొని తెచ్చారు. పాలమూరు మేస్త్రీ దానిని సిమెంటుతో బిగించాడు, కూలి తీసుకోలేదు. మా పిల్లవాడు తన ట్రాలీలో బండ తెచ్చాడు, కిరాయి తీసుకోలేదు. కిరాణా ఆయన టీ పోయించాడు. మేము చేసినదేమీ లేదు, ఒక చివర పట్టుకున్నాము.

ఆ రోజులలో మొహర్రం అయిపోయి వారము కూడా కాలేదు. దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుండి పదవ దినాన ఏనుగు మీద బీబీ కా అలమ్ బయలుదేరి ఈ యాకుత్‌పురా దారి గుండానే చార్మినారు వైపు వెళుతుంది. ఇక వచ్చే ఆదివారము, జూలై 28న, లాల్ దర్వాజా బోనాలు. ఆ మరునాటి ఊరేగింపులో అక్కన్న మాదన్న గుడి ఘటమూ ఏనుగు మీదనే వస్తుంది. హైదరాబాదులో ఏనుగు దొరకక రెండింటికీ పక్క రాష్ట్రాల నుండి తెప్పించుకుంటారు. రెండు పండుగల నడుమ గుంతలు పూడ్చేవారు, తీగలు ఎత్తి కట్టేవారు, సున్నము చల్లేవారు మాత్రము ఒక్కరే. ఆ పది పదిహేను రోజులే యేడాదిలో రోడ్లు బాగుంటాయని మేస్త్రీ అన్నాడు. మన పల్లెలలో పీర్ల పండుగ గుండము చుట్టూ అన్ని కులాలవారు తిరగడము చూచినవారికి ఇది వింత కాదు. కాని ఇక్కడ ప్రతి ఊరేగింపు వెంట పోలీసులు బారులు తీరి నడుస్తారు. 1990ని ఖాలా కూడా మరువలేదు. ఆ రోజులలో పాలు దొరకక తన పెద్ద బిడ్డకు గంజి పోసిన సంగతి చెప్పింది. మా పెద్దాయన అటుకుల సంగతి మేము చెప్పాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. "ఆయన్ను ఒకసారి తీసుకురండి" అన్నది.

రాత్రి పిల్లవానితో అసలు మాట ఎత్తాము. నాయన రమ్మంటున్నాడని చెప్పాము.

"ఊర్ల ఏం జెయ్యాలె అయ్యగారూ? ఎకరం చెలక, నలుగురం. ఈడ దినాం పని ఉన్నది." కొంచెమాగి, "బియ్యం గుడ ఊరి కార్డు మీదనే ఈడ డీలరు ఇస్తున్నడు. దానికి ఊరు అడ్డం రాదు. ఓటుకే అడ్డమొచ్చింది" అన్నాడు.

ఓటు మార్చుకోవాలని అతని కోరిక. ఖాలా కొడుకు ఫారం 8 తెచ్చి ఇచ్చాడు. కాని భయము. ఊరిలో పేరు పోతే ఇండ్ల జాబితాలో పేరు ఉండదనీ, నాయన ఊరుకోడనీ, వార్డులో తమ వారి ఓట్లు తగ్గిపోతాయనీ. ఆ భయము ఒట్టిది అనడానికి మాకు నోరు రాలేదు. పల్లెలో జాబితా వ్రాసేవారు ఓటు ఎక్కడున్నదో చూడరని ఎవరు చెప్పగలరు? సంఘములో నలభై కుటుంబాలుంటే పదునాలుగు కుటుంబాల పిల్లలు హైదరాబాదులోనే ఉన్నారు. వారందరూ ఓట్లు మార్చుకుంటే మా వాడకు బోరింగు అడిగే బలము ఎక్కడిది? మార్చుకోకుంటే వారికి మోరీ బండ అడిగే బలము ఎక్కడిది? మేము తీసుకొని పోవడానికి వచ్చినవారము, ఆ ఫారము చేత పట్టుకొని అతని ప్రక్కన కూర్చుండిపోయాము. ప్రార్థన చేశాము. ఏమి చేయమని చెప్పలేదు. మూడవ రోజు సాయంకాలము బండి ఎక్కాము.

తిరిగి వచ్చి పెద్దాయనకు ఉన్నది ఉన్నట్లు చెప్పాము. బాహర్‌వాలా అన్న మాట దగ్గర ఆయన ముఖము ఎర్రబడింది. "మా పిలగాడు బయటోడా?" అన్నాడు. తరువాత చాలాసేపటికి, "ఆయమ్మ మంచిది" అన్నాడు. అంతే.

అప్పటికి మా ఊరికీ అడిగే గుమ్మము లేదు. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల కాలము తీరిపోయింది. ప్రత్యేక అధికారి అని ఒకరిని వేశారు. ఆయనకు ఇటువంటి ఊళ్ళు మరికొన్ని. వీధి దీపము పోతే ఎవరితో చెప్పాలో తెలియక మేమే బల్బు కొని వేయించాము. ఖాలాకు ఫోనులో ఈ మాట చెబితే ఆమె నవ్వింది. హైదరాబాదు కార్పొరేషనుకు 1991 నుండి 2002 దాకా పదకొండేండ్లు ఎన్నికలే జరుగలేదు, ప్రత్యేక అధికారులే నడిపారు. "మీకు ఒకటే సంవత్సరం, మాకు పదకొండు" అన్నది. మాకు మాత్రము రెండేండ్లకు రెండు నెలలే తక్కువ అయింది.

2025 సెప్టెంబరులో ఒక రోజు మా పిల్లవాడు ఉదయమే ఫోను చేశాడు. యాకుత్‌పురాలో మౌలా కా ఛిల్లా దగ్గర బడికి వెళ్ళే చిన్నపిల్ల మూత లేని మ్యాన్‌హోలులో పడిపోయింది. వెంట ఉన్నవారు వెంటనే లాగగా ప్రాణము దక్కింది. ఆ దృశ్యము ఫోన్లన్నింటిలో తిరిగింది, మీలో చాలామంది చూచే ఉంటారు. మూత ఎవరు తీసి వదిలారన్నదానిపై కార్పొరేషను, జలమండలి, హైడ్రా, ఈ మూడు పేర్లూ వచ్చాయి. విచారణ తరువాత పొరపాటు తమదేనని హైడ్రా ఒప్పుకున్నది. ఒప్పుకోవడము మంచిదే, అది కూడా అరుదు గదా. మన పిల్లవాని బిడ్డకు అప్పటికి నడక వచ్చింది. ఆ రోజు అతడు ట్రాలీ తీయలేదట. గల్లీలో ఉన్న ప్రతి మూతనూ కాలితో త్రొక్కి చూచుకుంటూ తిరిగాడట.

ఆ నెలలోనే ఫారము నింపి ఇచ్చాడు. తనది మాత్రమే. భార్య ఓటు ఊరిలోనే ఉంచారు. ఇది ఎవరి ఆలోచనో మాకు తెలియదు, కోడలిదే అనుకుంటాము.

2025 డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మా పెద్దాయన వార్డు మెంబరుగా నిలబడ్డాడు. మేము వద్దన్నాము. సంఘ పెద్ద రాజకీయములోకి వెళితే సంఘములో చీలిక వస్తుందని మా భయము. ఆయన వినలేదు. "బయటోడు అనిపిచ్చుకునుడు కంటె నిలబడుడే మంచిది" అన్నాడు. అభ్యర్థిగా ఇంటింటికీ తిరిగాడు, సారా పోయలేదు, పంచిపెట్టడానికి ఆయన దగ్గర ఏమీ లేదు కూడా. కోడలు బిడ్డతో బస్సులో వచ్చి ఓటు వేసింది. పట్టణము పిల్లలు చాలామంది వచ్చారు. కొడుకు ఓటు ఇక లేదు గనుక అతడు రాలేదు, మార్కెట్టుకు వెళ్ళాడు. ఆ సాయంకాలము లెక్కింపులో పెద్దాయన పదకొండు ఓట్లతో గెలిచాడు.

బడి గేటు దగ్గరనే నిలబడి కొడుకుకు ఫోను చేశాడు. మేము పక్కనే ఉన్నాము. "నువ్వు లేకున్న గెలిసిన్రా" అన్నాడు. అవతల నుండి ఏమన్నాడో వినబడలేదు. మెడలో పూలదండ సర్దుకుంటూ ఇంకా కొంచెము గొంతు తగ్గించి, "సరే గాని, మీ గల్లీల ఆ రెండో మోరి మీద మూత ఏసిండ్రా? ఎయ్యకుంటె ఆయమ్మను తీస్కొని మళ్ల పో. ఇప్పుడు నీ కార్డు గుడ సూపియ్యి" అన్నాడు.